అప్‌డేట్ వచ్చిన పొద్దు

తెర మీది గుర్తును రాబర్ట్ మూడోసారి నొక్కాడు. చిన్న చక్రం రెండు క్షణాలు తిరిగి మాయమైంది. అప్లికేషన్ తెరుచుకోలేదు.

పోర్ట్ బ్లెయిర్‌లోని ఆ స్కాన్ సెంటర్‌లో పంతొమ్మిదేళ్ళుగా అతని పని ఒకటే. కింది గదిలో తీసిన స్కాన్‌లను మేడ మీది లైనక్స్ కంప్యూటర్‌లో తెరిచి, సరిచూసి, విశాఖపట్నంలోని డాక్టరుకు పంపడం. యాభై మూడేళ్ళ మనిషి. సన్నటి చేతులు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కా. రిపోర్టు మీద డాక్టరు పేరుంటుంది, సెంటర్ పేరుంటుంది. అతని పేరుండదు. ఉండాలని అతనికెప్పుడూ తోచలేదు.

మెట్ల దగ్గర సుష్మ నిలబడి ఉంది. డిగ్లీపూర్‌లో వక్కచెట్టు మీంచి జారిపడిన తండ్రి నూకన్నను రాత్రంతా ప్రయాణం చేసి తీసుకొచ్చింది. తలలో రక్తం గడ్డకట్టి ఉంటే మధ్యాహ్నం మూడింటికి బయల్దేరే విమానంలో చెన్నై తీసుకుపోవాలి. ఆ సంగతి విశాఖ డాక్టరు చూసి చెప్పాలి.

"భయ్యా, ఔర్ కిత్‌నా టైం? నాన్న మాటిమాటికీ కళ్ళు మూసేస్తన్నాడు."

"థోడా ఆగు దీదీ. ఫోటోలు బాగానే వచ్చాయి. పంపే సాఫ్ట్‌వేర్‌కే ఏదో అయింది."

యజమాని పైడిబాబు వచ్చి చూశాడు. "కంపెనీకి ఫోన్ చేశాను. ఇంజనీరు రేపొస్తాడంట. నువ్వు కెలికి, ఉన్నది కూడా పాడుచెయ్యకు రాబర్టూ."

రాబర్ట్ తల ఊపాడు. ఆయన మెట్లు దిగగానే తెర మీద ఆదేశాలు టైపు చేసే నల్లటి కిటికీ తెరిచి, అప్లికేషన్ పేరును స్వయంగా టైపు చేశాడు. ఈసారి తెర ఒక్క వాక్యం చెప్పింది. మూడో నంబరు లైబ్రరీ, అంటే అప్లికేషన్ ఆధారపడే తోడు ఫైలు, కావాలి, కనిపించడం లేదు. తెల్లవారుజామున దానంతటదే వచ్చిన అప్‌డేట్ జాబితా చూశాడు. స్కాన్ బొమ్మలను విప్పే లైబ్రరీ పాతది పోయి, దాని చోట నాలుగో నంబరుది వచ్చింది.

కొత్తదానికే పాత పేరు తగిలించి చూశాడు. అప్లికేషన్ తెరుచుకుంది. మొదటి బొమ్మ పెట్టగానే మూతపడింది.

అతని చేతులు ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్ళ కిందట తండ్రి ప్రేమయ్య ఇంటి కప్పు మీద రేకు సరిచేస్తూ కిందపడ్డాడు. స్కాన్ తీసే దారి లేదు. తలలో ఏమైందో ఎవరికీ తెలియలేదు. కళ్ళు తెరుస్తాడేమోనని మూడు రోజులు చూశారు, నాలుగో రోజు ప్రార్థన చేసి పాతిపెట్టారు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాడు. పాత లైబ్రరీని నెట్ నుంచి దింపబోతే పావుగంటలో మూడు శాతం కదిలింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇంతకు ముందు దింపిన ప్యాకేజీలు కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డరులో పడి ఉంటాయి. వెతికాడు. దొరికింది. పెట్టబోతే, దానికి తోడుగా మరొకటి కూడా పాతదే కావాలంది. అదీ అక్కడే ఉంది. రెండింటినీ కలిపి పెట్టి, మళ్ళీ అప్‌డేట్ కాకుండా ఆపి, మీట నొక్కాడు.

నూకన్న తల, పొర తర్వాత పొర, తెర మీద తెరుచుకుంది.

ఒంటిగంటా పదికి బొమ్మలన్నీ విశాఖ చేరాయి. రెండు కాకముందే డాక్టరు నుంచి ఫోన్ వచ్చింది. రాబర్ట్ విన్నాడు, మళ్ళీ చెప్పించుకుని విన్నాడు, అప్పుడు మెట్లు దిగాడు.

"దీదీ, లోపల రక్తం లేదు. పైన వాపే. రెండు రోజులు ఇక్కడే దగ్గర్లో ఉంచి కనిపెట్టుకోమన్నారు."

సుష్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. పక్కన బెంచీ మీద పడుకున్న నూకన్న ఒక కన్ను తెరిచాడు. "నాను సెప్పలేదేటే? కోడి కూర తింతే తగ్గిపోద్ది." పైడిబాబు కూడా నవ్వేశాడు.

రాబర్ట్ పైకి వెళ్ళి చల్లారిన అన్నం తిన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత కడుపు నిండినట్టనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తండ్రీకూతుళ్ళు లేరు. అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లోని బంధువుల ఇంటికని, పడవ ఎక్కడానికి ఆటోలో చాతం రేవుకి వెళ్ళిపోయారట. అతనికి చెప్పాలని ఎవరికీ గుర్తులేదు. పరవాలేదనుకున్నాడు.

బెంచీ చివర, నూకన్న తల కింద పెట్టుకున్న ఎర్రగళ్ళ తువ్వాలు మడత విప్పకుండా అలాగే ఉంది. తల ఆనిన చోట చిన్న గుంట ఇంకా పూడలేదు.