మాట మార్చని మిషను

పాల క్యాన్ల సైకిలు వెళ్ళిపోయాక, చీపురుపల్లి పాత బజారు వీధిలో పొద్దున్నే మొదట వినపడేది కన్యాకుమారి గుండె. సింహాచలం కిరాణా కొట్టు వెనకే ఇల్లు. ఆ ఇంటి వంటగదిలో ఆవిడ పొయ్యి ముట్టించేసరికి ఆ చప్పుడు గోడలు దాటి, అరుగులు దాటి, స్టేషను వైపు తిరిగే మలుపు దాకా వచ్చేది. మలుపు దాటితే ఏమీ వినపడదు. ఆవిడ కాపురానికి వచ్చిన ఏటి నుంచీ అంతే. ఎదురింటి లక్ష్మణమ్మ దానికి తగ్గట్టు కుట్టు మిషను తొక్కేది. హోటలు అప్పలసూరి పెనం మీద పెసరట్టు పోసి ఆ గుండె లెక్కనే తిరగేసేవాడు. పసిపిల్లల తల్లులు ఉయ్యాల ఊపే పని పెట్టుకోకుండా వీధి వైపు కిటికీ తెరిచి ఉంచేవారు. వినపడనిది కన్యాకుమారి ఒక్కదానికే. ఎవరింటి పోపు వాసన వాళ్ళకు తెలియనట్టు, ఆవిడ గుండె ఆవిడకు తెలిసేది కాదు.

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడు, ఆషాఢంలో, ఆ గుండె తడబడింది.

ఒక రోజు బాగానే ఉండేది, ఒక రోజు పరుగెత్తేది, ఆగేది, మళ్ళీ పరుగెత్తేది. అప్పలసూరి పెసరట్లు మాడాయి. పిల్లలు ఉలిక్కిపడి లేచారు. లక్ష్మణమ్మ ఒక లంగా పట్టుకుని నేరుగా కొట్టుకు వచ్చి, బెల్లం బుట్ట మీద పరిచింది.

“సింహాచలం బావా, ఈ కుట్టు సూడు. మూడు పొట్టి, ఒకటి పొడుగు, మళ్ళా రెండు పొట్టి. నా కాలు అక్క గుండె ఎనకాలే పోతాది కదా. ఆ గుండె దారి తప్పినాది. డాక్టరుకి సూపించు.”

సింహాచలం చెడ్డవాడు కాదు. పెళ్ళాం మీద చెయ్యెత్తినవాడు కాదు, తాగినవాడు కాదు. తూకంలో గింజ తేడా రానివ్వడని గరివిడి దాకా పేరు. ఆ పేరే అతని ఆస్తి, అతని జబ్బు కూడా. తన ఇంటి సంగతి నలుగురి నోళ్ళలో పడిందన్న ఉక్రోషంతోనే కన్యాకుమారినీ, కూతురు బిందునూ వెంటబెట్టుకుని విజయనగరం రైలెక్కాడు.

తీరా అక్కడికి వెళ్ళేసరికి గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. ఈసీజీ కాగితం మీద గీతలన్నీ వరసగా వచ్చాయి.

“ఈ జబ్బు అంతే. వస్తుంది, పోతుంది,” అన్నాడు డాక్టరు. “వచ్చినప్పుడు గుండె పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతాయి. రక్తం అక్కడ నిలవుండి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. రక్తం పలచబడే మందు ఉంది. కానీ అనుమానం మీద ఇచ్చేది కాదు, లోపలెక్కడైనా రక్తం కారితే ఆగదు. నాకు ఒక్క రుజువు కావాలి.”

“వీధి వీధంతా వింటన్నాదండి,” అంది బిందు.

“వింటుందమ్మా. వీధిని కేసు షీటుకు అంటించలేను కదా. ఇంట్లో పెట్టుకునే మిషను ఒకటి కొనండి. తడబడినప్పుడు పట్టుకుని నాకు చూపించండి. ఒక్కసారి పట్టుకుంటే చాలు.”

ఆ మిషన్లు అమ్మేవాడు పరాయివాడు కాదు. కన్యాకుమారి అన్న కొడుకు ప్రమోద్, విజయనగరంలోనే మందుల షాపు. కుర్చీలు వేయించి, కూల్ డ్రింకులు తెప్పించి, రెండు మిషన్లు బల్ల మీద పెట్టాడు.

“మావా, ఈ పట్టీది జబ్బకి కడతారు. బీపీ సెప్తాది, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నాదో సెప్తాది. అంతే. దెబ్బకీ దెబ్బకీ నడుమ ఎడం ఎంతో ఇది సూడదు. ఈ రెండోది బిళ్ళలాగున్నాది కదా, దీని మీద రెండు బొటనవేళ్ళూ పెడితే సెల్లులో గుండె గీత గీస్తాది. డాక్టరుగారు అడిగినది ఇదే.”

సింహాచలం రెంటినీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. కాటా కొనేటప్పుడు వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఒకే రాయిని మూడుసార్లు పెడతారు. మూడుసార్లూ ఒకే మాట చెబితే కొంటారు. ఒక్కసారి ముల్లు పక్కకు జరిగినా, అమ్మేవాడు సొంత తమ్ముడైనా సరే, దండం పెట్టి లేచి వస్తారు. తాత అలాగే కొన్నాడు, తండ్రి అలాగే కొన్నాడు. సింహాచలానికి లోకంలో కొనదగ్గ వస్తువేదైనా కాటా లాంటిదే.

“మూడేసి సార్లు సూడు,” అన్నాడు.

పట్టీ కట్టారు. డెబ్బై ఎనిమిది. విప్పి మళ్ళీ కట్టారు. డెబ్బై ఎనిమిది. మూడోసారీ డెబ్బై ఎనిమిది. సింహాచలం తల ఊపాడు.

బొటనవేళ్ళ మిషను మొదటిసారి అంతా సవ్యమని చెప్పింది. రెండోసారి వేళ్ళు పెట్టబోతుంటే కన్యాకుమారికి గుండెల్లో ఎవరో చేటతో బియ్యం చెరుగుతున్నట్టయింది. “ఏవండీ, ఇప్పుడే ఏటో...” అంది.

“కదలకు నువ్వు. కదిల్తే తప్పు సూపిస్తాది,” అన్నాడు సింహాచలం.

సెల్లులో గీత పిచ్చిపిచ్చిగా లేచింది. గుండె లయ తప్పినట్టు అనుమానంగా ఉందని కింద అక్షరాలు వచ్చాయి. ప్రమోద్ ముఖం మారింది. మూడోసారి పెట్టేలోపు గుండెల్లో ఆ చెరుగుడు ఆగిపోయింది. మిషను మళ్ళీ అంతా సవ్యమంది.

“సూసావా? ఒకపాలి ఔనంటాది, ఒకపాలి కాదంటాది,” అన్నాడు సింహాచలం. “మనిసి ఒకత్తే, కుర్సీ ఒకటే. మాట మార్సే కాటాని నేను ఇంటికి తెస్తానా?”

“నాన్నా, మారింది మిషను కాదు, అమ్మ గుండె,” అంది బిందు. “మారితే మారిందని సెప్పడానికే కదా కొంటన్నాం!”

“మావా, ఆ రెండో గీత ఒకపాలి డాక్టరుగారికి సూపిద్దాం,” అని ప్రమోద్ నసిగాడు.

“ఏటి సూపిస్తావు? నీ సరుకు నిలకడ లేనిదని సూపిస్తావా?” అన్నాడు సింహాచలం నవ్వుతూ. “తీసీ అది. నా ముందరే తీసీ.”

పెద్దవాడు, మేనత్త మొగుడు, పది మందిలో మాట చెల్లేవాడు. ప్రమోద్ ఆ గీత తుడిచేశాడు. బిందు గుమ్మం దగ్గరికి వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడింది. కన్యాకుమారిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఆవిడ చెప్పినవి ఎంతవరకు చెల్లాయో ఆవిడకు తెలుసు.

ఆ మర్నాటి నుంచి సింహాచలం రోజూ పొద్దున్న పెళ్ళాం జబ్బకు పట్టీ కట్టేవాడు. బుడగ ఉబ్బేది, దిగేది, అంకె పడేది. కొట్టు గుమ్మంలో నిలబడి, కందిపప్పు ధర చెప్పినట్టు వీధికి అంకె చెప్పేవాడు. డెబ్బై ఆరు. డెబ్బై ఎనిమిది. నూటికి నూరు పాళ్ళు సరిగా ఉందనేవాడు.

మనిషి చెవుల కంటే మిషనుకు మర్యాద ఎక్కువ. వీధి మొదట గునిసింది, తర్వాత తన చెవుల్నే అనుమానించింది. అప్పలసూరి పొయ్యి మార్చాడు. తల్లులు పిల్లలకు దిష్టి తీయించారు. లక్ష్మణమ్మ కుట్టు మిషనుకు నూనె వేసింది, సూది మార్చింది, మెకానిక్కుని పిలిపించి బెల్టు కొత్తది వేయించింది. అయినా కుట్టు వంకరే. ముసలితనం వచ్చి కాలు సొట్ట పడిందేమోనని గోరువెచ్చని ఆముదం రాసుకుని పడుకుంది పాపం.

శ్రావణ శుక్రవారానికి కన్యాకుమారి రవిక కుట్టి తెచ్చినప్పుడు లక్ష్మణమ్మ తల ఎత్తలేకపోయింది.

“సేతి కుట్టు పాడయ్యిందక్కా. ఇప్పి మళ్ళా కుడతాను.”

కన్యాకుమారి ఆ కుట్టు మీద వేలు నడిపింది. మూడు పొట్టి, ఒకటి పొడుగు, ఒక ఖాళీ, నాలుగు పొట్టి. తన గుండెను ఆవిడ మొదటిసారి తాకింది అప్పుడే.

“లక్ష్మణా, నిజం సెప్పు. నా గుండె ఎలాగున్నాది?”

“మిషను ఏటన్నాది?”

“డెబ్బై ఆరంది.”

“మరింకేటక్కా!” అంది లక్ష్మణమ్మ, కళ్ళు పక్కకు తిప్పుకుని.

కన్యాకుమారి ఆ కుట్టు విప్పించలేదు. ఆ రాత్రి అదే రవిక తొడుక్కుని, మొగుడికి అన్నం వడ్డిస్తూ చెయ్యి చాపి చూపించింది. “ఈ కుట్టు డాక్టరుగారికి సూపిద్దామండి.”

సింహాచలం ముద్ద ఆపి నవ్వాడు. “రవిక సేతులు పట్టుకుని ఆసుపత్రికి ఎల్తే జనం ఏటనుకుంటారు? దర్జీ కాలు సక్కగా లేకపోతే నీకు జబ్బా? పచ్చడెయ్యి.”

ఆవిడ పచ్చడి వేసింది. ఇంత కోపం తన లోపల ఎక్కడ పడుతోందో ఆవిడకే ఆశ్చర్యంగా ఉండేది. బిందు ఒకటికి నాలుగుసార్లు పోట్లాడింది. ఆ బిళ్ళ మిషను తానే కొంటానంది. ఇంట్లో ఒక కాటా ఉండగా రెండో కాటా పెడితే కొట్టు మీద నమ్మకం పోతుందని సింహాచలం అడ్డుపడ్డాడు. తను మాట్లాడుతున్నది పెళ్ళాం గుండె గురించి అన్న సంగతి అతనికి అప్పుడు నిజంగా గుర్తులేదు.

కార్తీకంలో ఒక పొద్దున్న పట్టీ కట్టి ఉండగానే కన్యాకుమారి చేతిలో కాఫీ గ్లాసు జారిపడింది. మూతి ఒక పక్కకు వాలింది. సింహాచలం అంకె చూశాడు. డెబ్బై ఎనిమిది. నమ్మకం కుదరక మళ్ళీ బొత్తాం నొక్కాడు. బుడగ ఉబ్బుతుంటే అంకె కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. పెళ్ళాం కుర్చీలోంచి పక్కకు ఒరుగుతోంది, ఇతని చూపు మిషను మీద ఉంది.

“సరిగానే ఉన్నాది కదే,” అంటున్నాడు.

ఎదురింట్లో లక్ష్మణమ్మ కాళ్ళు పెడల్ మీద బిగుసుకుపోయాయి. చెప్పులు లేకుండానే రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. “ఒరే, మిషను కాదురా, మనిసిని సూడు!” అని అరిచింది. బావ అనే పిలుపు ఆవేళ ఆవిడ నోటికి రాలేదు. బిందు పట్టీ లాగి పారేసి నూట ఎనిమిదికి ఫోను చేసింది.

విజయనగరం ఆసుపత్రిలో మళ్ళీ అదే డాక్టరు. మళ్ళీ గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది, దానికి సిగ్గు లేదు. కాగితం మీద గీతలన్నీ వరసగా వచ్చాయి.

“గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి,” అన్నాడు డాక్టరు. “గుండె నుంచి వచ్చిందంటే ఒక మందు. కాకపోతే వేరే మందు. తప్పు మందు ఇస్తే ఇంకో గడ్డ వస్తుంది, అప్పుడు మనిషి దక్కదు. ఇంట్లో మిషను ఏమైనా పట్టుకుందా?”

సింహాచలం సంచిలోంచి మిషను తీశాడు. బొత్తాం నొక్కుతూ పాత అంకెలన్నీ చూపించాడు. “ఒక్క రోజు కూడా తేడా లేదండి. మంచి మిషను.”

మంచం మీద కన్యాకుమారికి ప్రతి మాటా వినపడుతోంది. కాదు అనాలని ఉంది. నాలుక ఎవరిదో నోట్లో ఉన్నట్టుంది.

డాక్టరు ఆ వేరే మందే రాయడానికి కలం తీశాడు. అప్పుడు బిందు, నర్సు సెలైను పెట్టడానికి కత్తిరించి పక్కన పడేసిన ఆ శ్రావణ శుక్రవారం రవిక చెయ్యిని ఏరి బల్ల మీద పెట్టింది.

“ఇది ఎవరు కుట్టారు?” అన్నాడు డాక్టరు.

“మా ఎదురింటి లక్ష్మణమ్మ పిన్ని. అమ్మ గుండె వింటూ కుట్టింది.”

డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, కుట్టును స్కేలు అంచున పరిచి, ఒక్కొక్క ఎడమూ కొలిచాడు. ఈసీజీ కాగితం చదివినట్టే కింద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళాడు. చివరికి ఆ గుడ్డను మడిచి, కేసు షీటుకు పిన్ను కొట్టాడు.

“ఇదే. ఇంతకంటే స్పష్టంగా నేను చూడలేదు. ఎప్పటిది ఇది?”

“శ్రావణం,” అంది బిందు.

డాక్టరు సింహాచలం వైపు చూశాడు. “శ్రావణంలోనే తెచ్చి ఉంటే ఆవిడ ఇవాళ మీతో మాట్లాడుతూ ఉండేది.” మెదడు వాపు తగ్గాక మొదలుపెట్టమని రక్తం పలచబడే మందు రాశాడు. ఆ మందే కన్యాకుమారిని బతికించింది. రెండో గడ్డ రాలేదు.

ఇంటికి తెచ్చాక కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉండేది. నోటికి ఒకే ఒక్క మాట మిగిలింది. “బాగున్నాది.” నీళ్ళు కావాలన్నా అదే మాట. నడుం కింద దిండు తీయమన్నా అదే మాట. లోపల మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. పెదవి దాకా వచ్చేసరికి అన్నీ ఆ ఒక్కటే అయిపోయేవి. దెబ్బ తిన్న మెదడు అలాగే చేస్తుందని, ఆవిడ అన్నదానికీ అనుకున్నదానికీ పొంతన ఉండదని డాక్టరు చెప్పాడు. బిందు తండ్రికి రెండుసార్లు విడమరిచి చెప్పింది కూడా.

ఒక పొద్దున్న కొట్టు తెరిచే ముందు సింహాచలం మంచం అంచున కూర్చున్నాడు. చాలాసేపు తువ్వాలు మడతలు పెట్టుకున్నాడు.

“కన్యా, నేను కావాలని సేసానేటి? మంచిదనే కొన్నాను కదా. నా మీద కోపం ఉన్నాదా?”

ఆ ప్రశ్న కోసమే ఆవిడ ఆసుపత్రి నుంచీ కాచుకుని ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుణ్ణి మనసులో నువ్వు అంది. నన్ను రాయిని తూచినట్టు తూచావు. ఏటో అవుతోందంటే కదలకన్నావు. కుట్టు చూపిస్తే పచ్చడి వెయ్యమన్నావు. నిన్ను నేను ఈ జన్మకి క్షమించను. ఒక్కొక్క మాటనూ ఏరి, వరసపెట్టి, ఒళ్ళంతా చెమట పట్టేలా గొంతు దాకా మోసుకొచ్చింది.

“బాగున్నాది,” అంది.

సింహాచలం ముఖం తేటపడింది. ఆవిడ భుజం తట్టాడు. “అదే మరి. నా కన్య సంగతి నాకు తెలీదేటి?” అంటూ లేచి కొట్టు వైపు వెళ్ళాడు.

అప్పుడు ఆవిడ గుండె వీధంతటా వినపడింది. తడబాటు కాదు, లోపలి నుంచి తలుపు బద్దలు కొడుతున్న చప్పుడు. లక్ష్మణమ్మ పెడల్ మీంచి కాళ్ళు తీసేసింది. అప్పలసూరి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సింహాచలానికీ వినపడింది. షట్టరు మీద వేసిన చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత అతను వంగి, ఎన్నడూ లేనంత గట్టిగా చప్పుడు చేస్తూ షట్టరు పైకి ఎత్తాడు.