రెండో బ్రేకు

అయినా ఆ లారీవాడు కుడివైపు దీపం వెలిగించుకుని ఎడమకి తిరగడు కదా, తిరిగినా తిరగొచ్చు, రోడ్డు మీద ఎవరినీ నమ్మడానికి లేదు, ఈయన చూస్తున్నారా లేదా, చూశారు, వేగం తగ్గించారు, హమ్మయ్య, ఇక కాలు కాస్త దించుకోవచ్చు అని ఆమె అనుకుందో లేదో వెనక సీట్లోంచి గొంతు, అమ్మా కాలు, అని, నొక్కలేదే తల్లీ, ఊరికే నేల మీద పెట్టుకున్నాను అంటే, నేల మీదే కానీ బ్రేకు పక్కనే పెట్టావు, జరుపు అంది కూతురు, రెండో తరగతి పిల్లకి ఇంత పెత్తనం ఎవరిచ్చారయ్యా అంటే తనే ఇచ్చింది, నిన్న భోజనాల దగ్గర, నేను దారి పొడుగునా ఆ బ్రేకు ముట్టుకోను, కావాలంటే పెద్దదాన్ని అంపైరుగా పెట్టుకోండి అని గొప్పగా అనేసింది, అప్పటినుంచీ ఆ పిల్ల కళ్ళు ఆమె కుడికాలిని వదిలితే ఒట్టు, పక్కనున్న తమ్ముడు బుడంకాయకి మాత్రం ఈ గొడవలేమీ పట్టవు, వాడి బూట్లు వేస్తే కీచుమంటాయి, తీస్తే వాడు కీచుమంటాడు, ఏది నయమో తేలక బూట్లే ఉంచేశారు, రోడ్డు పక్క నీళ్ళ గుంట కనపడితే చాలు, సముద్రం వచ్చేసింది అని ఒకటే కేక, కాదు నాన్నా అది గుంట అంటే, చిన్న సముద్రం అంటాడు, ఇంట్లో ఇంకో బండి లేదు, ఉన్నది ఆమె డ్రైవింగ్ స్కూలు బండే, దీనికి బ్రేకులు రెండు, ఒకటి నడిపేవాళ్ళకి, రెండోది పక్కన కూర్చునే టీచరుకి, ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకునే ఆమె ఇన్నేళ్ళూ బతుకు వెళ్ళదీసింది, ఎన్ని గోడల్ని, ఎన్ని కుక్కల్ని, ఎన్ని కూరగాయల బళ్ళని ఆ కాలు కాపాడిందో దేవుడికే తెలియాలి, అలాంటి కాలికి సెలవు అంటే మాటలా, బస్సెక్కినా రైలెక్కినా అది బ్రేకు కోసం తడుముతుంది, నిద్రలో నువ్వు నా పిక్క మీద బ్రేకులేస్తున్నావు, పొద్దున లేచేసరికి కుంటుతున్నాను అని ఆయన ఎన్నిసార్లు అనలేదు, ఆఖరికి మామయ్యగారి వీల్‌చెయిర్ తోసినప్పుడు కూడా మలుపు దగ్గర కాలు తన్నుకొచ్చింది, ఆయన పాపం తిరిగి చూసి, ఏమ్మా ఏదైనా అడ్డొచ్చిందా అన్నారు.

ఈ పందెమంతా ఎక్కడ మొదలైందంటే, ఎదుటి వీధిలో మొదలైంది, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఊళ్ళో వాళ్ళందరికీ ఆమె నేర్పుతుంటే కట్టుకున్నవాడు ఎదుటి వీధి స్కూలుకి దొంగచాటుగా వెళ్ళి నేర్చుకుని వచ్చాడు, ఒకరోజు పప్పన్నం కలుపుకుంటూ జేబులోంచి లైసెన్సు తీసి పళ్ళెం పక్కన పెట్టాడు, ఇదేమిటండీ అంటే, లైసెన్సు, ఫోటో బాగా రాలేదు గాని మిగతాదంతా అసలైనదే అన్నాడు, నా దగ్గర నేర్చుకుంటే అరిగిపోతారా అంటే, టీచరమ్మా, నీ దగ్గర నేనెప్పుడు నేర్చుకున్నాను, నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే నువ్వు నొక్కేస్తావు, నేను పన్ను పీకుతుంటే నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుని పీకేస్తే ఎలా ఉంటుందో చెప్పు అన్నాడు, పళ్ళ డాక్టరు కదా, ఎక్కడ ముట్టుకుంటే జివ్వుమంటుందో ఆయనకి తెలుసు, దానికి తోడు పోయిన వారం మార్కెట్ కూడలిలో నలుగురూ చూస్తుండగా ఆమె మళ్ళీ నొక్కింది, ఆయన అప్పటికే నొక్కి ఉన్నాడు, బండి ఎగిరి ఆగింది, వెనకవాడు హారను మోగించాడు, ఆయన దిగి వెళ్ళి వెనక సీట్లో పిల్లల మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు, నిన్న రాత్రి అన్నాడు, సముద్రానికి నేనే నడుపుతాను, దారిలో నువ్వు ఒక్కసారి ఆ బ్రేకు నొక్కినా తాళంచెవి నీ చేతిలో పెట్టేస్తాను, ఇక ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోను, అని, నవ్వుతూనే అన్నాడు గాని ఆమెకి గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఆ మనిషి అన్నాడంటే అన్నంత పనీ చేస్తాడు, పెళ్ళయిన కొత్తలో ఆయన కూనిరాగం తీస్తుంటే తను పక్కుమని నవ్వింది, ఏదో సరదాకి నవ్వింది, అంతే, ఆ రోజు నుంచి ఈ రోజుదాకా స్నానాల గదిలో కూడా ఆ గొంతు లేవలేదు, మళ్ళీ పాడండీ అని బతిమాలినా, అబ్బే నాకు రాదులే అనేస్తాడు, పాట అలా పోయింది, ఇప్పుడు ఇది కూడా పోతే ఆ పాపం ఎవరి ఖాతాలో, తనదే కదా, అందుకని కాలూ కాలూ నా బంగారు కాలూ కదలకే అని లోలోపల బుజ్జగించుకుంటోంది.

అమ్మా ఒంటికి, అని బుడంకాయ, ఇప్పుడే కదరా వెళ్ళావు అంటే అది ఇంట్లో ఒంటికి, ఇది రోడ్డు ఒంటికి అని అక్క అందించింది, ఎత్తు మీద టీ కొట్టు కనిపిస్తే బండి పైకెక్కించి ఆపాడు ఆయన, ఎంత చక్కగా ఎక్కించాడు, ఎక్కడా వెనక్కి జారలేదు, చెబుదామా వద్దా, చెబితే టీచరు మెచ్చుకున్నట్టుంటుందేమో అని ఆమె ఊరుకుంది, వాడి పని చూసి, మొహాలు కడిగి, టీ తాగి, తీరా బయల్దేరదామంటే బుడంకాయకి ఒక కాలే కీచుమంటోంది, రెండో బూటు లేదు, ఎక్కడ పారేశావురా అంటే చేతులు రెండూ తిప్పి, పోయింది అన్నాడు, బల్లల కింద, కుళాయి దగ్గర, కొట్టు వెనక అంతా వెతికారు, కొట్టు ఆవిడ కూడా చీపురుతో బెంచీల కింద ఊడ్చి చూసింది, కుక్క పట్టుకెళ్ళిందేమో అమ్మా అంది, వాడు ఒంటికాలి మీద కీచ్ కీచ్ మని గెంతుతూ అందరికీ అడ్డం పడ్డాడు, ఎప్పుడూ అందరికంటే ముందు దొరకబుచ్చుకునే పెద్దది మాత్రం కారులో బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది, పైగా తువ్వాళ్ళ సంచి తెచ్చి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది, మా తల్లే ఎంత బుద్ధొచ్చింది అని మురిసిపోయింది తను, పోతే పోయింది వెధవ బూటు, ఇసకలో బూట్లెందుకు అని ఆయన తాళం తిప్పాడు.

ఎత్తు మీంచి రోడ్డు మీదికి దిగే వాలు, కింద మేకలు, ఎక్కడినుంచి వచ్చాయో మందకి మంద, వాటి వెనక కర్ర ఊపుకుంటూ ఒక ముసలాయన, నొక్కుతారు, ఇప్పుడు నొక్కుతారు, ఆయన కాలు వెళ్ళింది, కీచ్ మంది, బండి ఆగలేదు, ఇదేమిటి, బ్రేకు కీచుమనడమేమిటి, ఏమండీ అంది, పడటం లేదు అన్నాడు, ఇక అంపైరు లేదు పందెం లేదు, సంచి మీంచి ఆమె కాలు తనంతట తనే లేచి దబ్బున నొక్కింది, ఇన్నేళ్ళుగా ఏనాడూ ఆమె మాట కాదనని బ్రేకు సగంలో ఆగిపోయి మళ్ళీ కీచ్ మంది, వెనకనుంచి బుడంకాయ, నా బూటు, అని ఆనందంతో కేక, మేకలు దగ్గరకొస్తున్నాయి, ఒక తెల్లమేక తలెత్తి చూస్తోంది, అప్పుడు ఆయన చెయ్యి కిందికి వెళ్ళింది, తొందరపడలేదు, పన్ను పీకేటప్పటి చెయ్యి అది, హ్యాండ్ బ్రేకుని మెల్లగా పైకి లాగింది, ఇంకాస్త లాగింది, బండి కొంచెం ముక్కు వంచి ఆగిపోయింది, తెల్లమేక బానెట్టుని వాసన చూసి, తినేది కాదని తెలుసుకుని వెళ్ళిపోయింది.

సంచి తీస్తే బ్రేకు కింద మడమ పైకి పెట్టుకుని ఇరుక్కున్న బూటు, పెద్దది అప్పటికే వెక్కుతోంది, నువ్వు నొక్కితే నాన్న డ్రైవింగ్ మానేస్తాడుగా, మానేస్తాడని నువ్వే అత్తతో ఫోన్లో అన్నావుగా, అందుకే నొక్కినా పడకుండా పెట్టాను, నాన్న బ్రేకుకి ఏమీ పెట్టలేదు, నీదానికే పెట్టాను, అని, అయ్యో పిచ్చితల్లీ, ఆ రెండూ ఒకే కడ్డీకి కట్టి ఉంటాయే, ఒకటి దిగితేనే రెండోది దిగుతుంది, ఒకటి ఇరుక్కుంటే రెండూ ఇరుక్కుంటాయి, కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదటిరోజే చెప్పే మాట ఇంట్లో పిల్లకి చెప్పలేదు చూడు, దాన్ని దగ్గరికి తీసుకుని, ఇంకెప్పుడూ బ్రేకుల జోలికి వెళ్ళకేం, అని గట్టిగానే చెప్పి, ముక్కు తుడిచి, ఆయనవైపు తిరిగి, మీకు హ్యాండ్ బ్రేకు అంత వెంటనే ఎలా తట్టిందండీ అంటే, ఎదుటి వీధి మాస్టారు మొదటిరోజే చెప్పాడు అన్నాడు, మింగలేక మింగలేక మింగి, బాగా నేర్పాడు అంది ఆమె, పైకే అంది, వినపడేలాగే అంది, ఆయన తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, అయిపోయింది, ఇక ఇచ్చేస్తాడు, పాట పోయినట్టే ఇదీ పోతుంది, ఏమంటావు అంపైరూ అన్నాడు, పెద్దది కళ్ళు తుడుచుకుని న్యాయంగా ఆలోచించి, అమ్మ నొక్కింది, కానీ పడలేదు అంది, మరి లెక్కలోకి వస్తుందా రాదా అన్నాడాయన, ఆమెకి ఒక్క క్షణం, రాదు అని వాదించేద్దామా అనిపించింది, కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది, నొక్కానండీ, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను, ఏమీ కాలేదు, బండి ఆపింది మీరు, అంది, ఆయన ఆమెవైపు చూసి తాళంచెవి మళ్ళీ దాని చోట పెట్టాడు, అప్పుడు ఆమె ముందు తలుపు తెరుచుకుని దిగి, వెనక తలుపు తీసుకుని, జరగండర్రా అని పిల్లల మధ్య దూరింది.

వెనక సీటు నుంచి రోడ్డు ఎంత వేరుగా ఉంటుంది, ఎప్పుడైనా చూసిందా, ఇక్కడ తొక్కడానికేమీ లేదు, ఒకవైపు చెమట వాసనేసే చిన్న తల, ఇంకోవైపు ఇంకా ముక్కు ఎగబీలుస్తున్న పెద్ద తల, ముందు ఖాళీ సీటులో బెల్టు పెట్టించుకుని తువ్వాళ్ళ సంచి, దాని కింద రెండో బ్రేకు, ఆయన ఇక్కడ నొక్కినప్పుడల్లా అదీ అక్కడ దానంతట అదే దిగుతుంది, మళ్ళీ లేస్తుంది, టీచరు లేదు కాలు లేదు అయినా దిగుతోంది, అదిగో మలుపు, దిగింది, అదిగో సైకిలు, దిగింది, బుడంకాయ బూటు ఒళ్ళో పెట్టుకుని, అమ్మా సముద్రం అంటున్నాడు, అది చెరువు నాన్నా, పెద్ద గుంట, కాదు చిన్న సముద్రం, ఆఁ చిన్న సముద్రమేలే, మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది, ఎవరో ఎక్కడో దువ్వెనతో తల దువ్వుతున్నట్టు టైర్ల చప్పుడు.

ఆ చప్పుడు కాదిది, వేరే ఏదో, సన్నగా, పళ్ళ మధ్యలోంచి, ఎక్కడో విన్నది, ఎప్పుడో విన్నది, కొత్త కాపురం, వంటగది గుమ్మం, వేళ్ళకి పిండి, అయ్యో, కూనిరాగం, ఆయనే, స్టీరింగ్ మీద వేలితో తాళం వేసుకుంటూ తీస్తున్నాడు, శ్రుతి ఇప్పటికీ అటూ ఇటూగానే ఉంది, మెడ ఎందుకు పట్టేసింది, గడ్డం మీద ఈ తడేమిటి, వెలుతురు ఇటువైపు ఎప్పుడు తిరిగింది, రెప్పల సందులోంచి చూస్తే రోడ్డు చివర ఆకాశం కింద ఇంకో ఆకాశం మెరుస్తోంది, బుడంకాయ ఒళ్ళో గురకపెడుతున్నాడు, చెవి దగ్గర పెద్దదాని గుసగుస, అమ్మా నీ కాలు ఒక్కసారి కూడా కదల్లేదు, నేను చూస్తూనే ఉన్నా, లేచావా, అని, లేవలేదు, ష్, అంది ఆమె అంతకంటే మెల్లగా, లేస్తే ఆపేస్తాడు, పాట పూర్తి కానీ, సముద్రం ఎక్కడికీ పోదు, అని కళ్ళు గట్టిగా మూసుకుంది, నిద్రపోయాను, ఇంకొకరు నడిపే బండిలో, కాళ్ళు రెండూ వదిలేసి, నేను నిద్రపోయాను.