గోడకు అవతలి గది

మజ్లిస్‌లో తివాచీ మీద పాత దుప్పట్లు పరుస్తున్నప్పుడు సుభాషిణి మనసు తేలిగ్గానే ఉంది. గోడకు డ్రిల్లు పెట్టడానికి వచ్చినవాడు తెలుగువాడు. పేరు నగేష్, కామారెడ్డి దగ్గర పల్లె. ఖతార్‌లో, అల్ ఖోర్‌లోని ఈ విల్లాలో ఆమె పనికి కుదిరి ఏళ్లు గడిచాయి గానీ, ఎదురుగా నిలబడ్డ మనిషితో తెలుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

అతిథులు కూర్చునే ఈ మజ్లిస్‌ను సయీదా మేడం కొత్తగా చేయించింది. బయట ఇసుక పెనంలా కాలుతుంటే, లోపల గోడలో ఫైర్‌ప్లేస్ పెట్టించింది. కరెంటు మంట, ప్లాస్టిక్ కట్టెలు. వెలుగే తప్ప సెగ లేదు. దాని మీద గోడంత టీవీ రావాలి, ఒక్క తీగ కూడా కంటికి కనబడకూడదు. ఆ మాట మేడం పొద్దుటి నుంచి వచ్చినప్పుడల్లా చెప్తూనే ఉంది.

నగేష్ గోడను వేళ్లతో తట్టి చూశాడు.

"అక్కా, వైర్లన్నీ గోడలకెళ్లి అవతలికి తీస్తున్న. టీవీ డబ్బాలు, రూటరు అన్నీ ఆడనే పెట్టుమన్నది మేడం. అవతల స్టోర్ రూమేనట గదా?"

సుభాషిణి చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"స్టోర్ రూమ్ కాదు నాయనా. నేను పండుకునే గది."

అతడు డ్రిల్లు కిందికి దించాడు. "నాకట్ల చెప్పలే అక్కా. ఒక్కసారి అడగరాదు?"

అడిగేలోపే మేడం గుమ్మంలోకి వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టింది. సాయంత్రం చుట్టాలొస్తున్నారు. నగేష్ సుభాషిణి ముఖంలోకి చూడకుండా గోడకు రంధ్రం పెట్టాడు. అవతల సుభాషిణి దిండు మీద సున్నం రాలింది. దాన్ని దులిపి ఊడ్చింది కూడా ఆమే.

ఆ గదిలో ఆమె మంచంతో పాటు ఇస్త్రీ బల్ల, బియ్యం బస్తాలు, ఇంటివాళ్ల చలికాలపు దుప్పట్లు ఎప్పుడూ ఉండేవి. తలుపుకి లోపల గడియ లేదు. వచ్చిన కొత్తలో అడిగితే మేడం నవ్వింది. "నువ్వు నా కూతురి లాంటిదానివి. ఇల్లంతా నీదే, నీకు గడియెందుకు?" కూతురు అన్న మాటకే అప్పుడు పొంగిపోయింది సుభాషిణి. ఆ మాటను చాలా రోజులు మనసులో పెట్టుకుని మురిసింది. ఎంత వెర్రిదాన్ని అని ఇప్పుడు తనమీద తనకే కోపం వచ్చింది. మేడం కన్న కూతుళ్ల గదులకు తాళాలున్నాయి. వాటిని తుడిచేది తనే కదా.

టీవీ వచ్చాక ఆ గదిలోకి రాకపోకలు మొదలయ్యాయి. బొమ్మ ఆగిపోతే ఒకరు, నెట్ రాకపోతే ఒకరు. తను అన్నం కలుపుకుంటుంటే పిల్లలు మంచమెక్కి రూటరు ఆపి మళ్లీ వేసి వెళ్లేవాళ్లు. మధ్యాహ్నం నడుం వాల్చిన కాసేపట్లో ఇంటి పెద్దాయన లోపలికొచ్చి, ఆమె తలమీదుగా చెయ్యి చాచి ఏదో తీగ సర్దేవాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ మాటే తనకు తాను చెప్పుకుని, లేచి చీర సర్దుకుని, వాళ్లు వెళ్లాక మళ్లీ పడుకునేది. నిద్ర మాత్రం వచ్చేది కాదు.

ఒక శుక్రవారం స్నానం చేసి వచ్చి బట్టలు మార్చుకుంటుంటే తలుపు తెరుచుకుంది. కాలేజీలో చదివే పెద్ద కొడుకు ఉమైర్. బంతాట మధ్యలో టీవీ ఆగిందట. డబ్బాలున్న అల్మారా దగ్గరికి వెళ్లి తీగ లాగి పెట్టి, పచ్చలైటు వెలిగేదాకా నిలబడి వెళ్లిపోయాడు. తడి తువ్వాలు గుండెలకు అదుముకుని ఆమె మూలన నిలబడే ఉంది. అతడు ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే అరిచేది, కసిరేది. ముఖం తిప్పుకుని ఉంటే మర్యాద తెలిసిన పిల్లాడని ఊరుకునేది. అతడు చూడనూ లేదు, తిప్పుకోనూ లేదు. ఆ గదిలో మనిషి ఉన్నట్టే లేదు అతనికి.

మేడంతో చెప్తే ఆమె కనుబొమలు ఎగరేసింది. "ఉమైర్ పసివాడు. అయినా నిన్నేం చూస్తాడు వాడు?"

హరికి చెప్పింది. హరి ఆమె మొగుడు. రాయచోటి పక్కన ఊళ్లో, ఆమె సంపాదన మీద లేస్తున్న ఇంటి ముందు నిలబడి వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాడు.

"సర్దుకోమే. ఆ గదిలో ఉండేది టీవీ డబ్బాలే గదా, పులులేం కాదు గదా. పని మాత్రం ఇడ్సాకు, ఇంకా టైల్స్ ఎయ్యాల."

వెనక నుంచి అత్త గొంతు వినబడింది. "మేమంతా ఒక్క వసారాలో పండుకోలేదా? దీనికి గది గావాల్నంట."

హరి ఫోన్ తిప్పి ఇల్లంతా చూపించాడు. "ఇది మాయమ్మకు. ఇది మా తమ్మునికి. ఇది నా కోసం వచ్చే మనుషులు కూచునేదానికి. టీవీ ఈ గోడకే కొట్టిస్తా."

"మరి నాది యాది?" అడిగింది సుభాషిణి.

హరి నవ్వాడు. "నీకు యేరే గది యెందుకుమే? ఇల్లంతా నీదే గదా."

సుభాషిణి ఫోన్ పెట్టేసి సింకు నిండా ఉన్న గిన్నెలు కడిగింది, బిర్యానీ అంటుకున్న పెద్ద డేగిసా తోమింది, స్టవ్వు తుడిచింది. భోజనాలై ఇల్లంతా నిద్రలో ఉంది. చేతులు తుడుచుకుని తన గదిలోకి వెళ్లి పరుపు చుట్టింది, దిండు చంకలో పెట్టుకుంది, మజ్లిస్‌లోకి వచ్చింది. ఫైర్‌ప్లేస్ ముందు, ఆ పెద్ద టీవీ కింద, పరుపు పరిచింది. మజ్లిస్ తలుపుకి లోపలివైపు ఇత్తడి తాళంచెవి ఉంది. దాన్ని తిప్పింది.

పడుకున్నాక భయం వచ్చింది. రేపే మేడం టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేయొచ్చు. ఊరు వెళితే హరి ముఖం, అత్త మాటలు, టైల్స్ లేని నేల. ఇంకో ఇల్లు దొరికితే సరే, దొరక్కపోతే? ఒక్కోటీ తలచుకుంది. అలా తలచుకుంటుండగానే, ఎప్పుడు పట్టిందో తెలియకుండా నిద్ర పట్టేసింది.

తలుపు పిడి కదిలిన చప్పుడుకు మెలకువ వచ్చింది. పిడి ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది. అవతల ఎవరో ఆగారు. తర్వాత తలుపు మీద మెల్లగా, వేళ్లతో, కొట్టారు.

సుభాషిణి లేచి కూర్చుంది. తొందరపడలేదు. జుట్టు ముడి వేసుకుంది, పైట సర్దుకుంది.

"ఎవరది?" అని అడిగింది.