ఇద్దరు సుయంగ్‌లు, ఒక అత్తగారు

నా పేరు తాక్ సుయంగ్. నేను చేసుకోబోయేవాడి పేరు ప్యో సుయంగ్. ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఒకే పేరు సరిపోతే ఇలాగే ఏడుస్తుంది వ్యవహారం. మా కొరియా భాషలో సుయంగ్ అంటే ఈత అని కూడా. మా ఇద్దరికీ ఈత రాదు. బూసాన్ మెట్రోలో ఆ పేరుతో ఒక స్టేషన్ ఉంది, రైల్లో అది వినబడ్డప్పుడల్లా ఇద్దరం తలెత్తి చూస్తాం.

మా కాబోయే అత్తగారు పందిమాంసం పులుసన్నం హోటల్ నడుపుతుంది. నా మీద ఆవిడకున్న ఫిర్యాదు ఒక్కటే, నా పేరు. ఓసారి వంటింట్లోంచి "సుయంగా, మొద్దు వెధవా, ఎక్కడ చచ్చావ్?" అని కొడుకును కేకేస్తే, నేను "వస్తున్నా అత్తయ్యా" అని పరుగెత్తాను. కన్నకొడుకును కడుపారా తిట్టుకునే సుఖం కూడా లేకుండా పోయిందని ఆవిడ బాధ.

పెళ్ళికి నెల రోజులుందనగా మమ్మల్ని పేర్ల సిద్ధాంతి దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఒకే కప్పు కింద ఒకే పేరు రెండుంటే, ఒకటి రెండోదాన్ని తినేస్తుంది," అన్నాడాయన.

"అయితే అమ్మాయిది మార్చేయండి," అంది అత్తగారు, పులుసులో ఉప్పు తగ్గించమన్నంత తేలిగ్గా.

నాకు ఒళ్ళు మండింది. నాకంటే ముందు పుట్టిన అన్న ఏడాది నిండకుండానే పోయాడు. మా పేర్లను చైనా లిపిలో కూడా రాస్తారు, ఒక్కో అక్షరానికీ ఒక్కో అర్థం. అందుకని నాన్న నాకు దీర్ఘాయువు అనే అర్థం వచ్చే చైనా అక్షరాలు ఏరి ఏరి ఈ పేరు రాయించాడు. ఇది వదులుకోవడం కంటే పెళ్ళి వదులుకోవడం నయం. ఆ మాటే మొహం మీద అనేశాను.

"తొందరపడకమ్మా," అన్నాడు సిద్ధాంతి. "పలికేది ఒకటైనా, రాసే అక్షరాలు వేరైతే అవి వేరే పేర్లే. అబ్బాయి కాగితం ఏదీ?"

మావాడు కుటుంబ ధ్రువపత్రాన్ని వీపు వెనక దాచాడు. సిద్ధాంతి లాక్కుని, పేరులోని అక్షరాలకు అర్థం చదివాడు.

"మేలైన పువ్వు. మగాడికా?"

ఎనభై ఆరు కిలోల పువ్వుకి చెవులు ఎర్రబడ్డాయి. నేను పగలబడి నవ్వాను. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"ముగ్గురు మగపిల్లల తరవాత ఈసారి ఆడపిల్లేనని నమ్మి, ఆ పేరు నేనే ఏరిపెట్టుకున్నా," అంది. "తీరా చూస్తే వీడొచ్చాడు. పారేయడానికి మనసొప్పక వీడికే తగిలించా."

నా వైపు తిరిగింది.

"ముప్పై ఒక్కేళ్ళు ఆలస్యంగా వచ్చావే పిల్లా. పేరు మాత్రం మర్చిపోకుండా తెచ్చుకున్నావు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"మార్చాల్సింది వీడిదే," అందావిడ సిద్ధాంతితో.

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా," అని గొణిగాడు మావాడు.

"సుయంగా, నోర్ముయ్."

ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.