క్షమించాల్సింది ఎవరు

రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే దారిలో జెస్సీకి ఒక రొయ్యల షెడ్డు ఉంది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు తలలు తీసి, పొట్టు ఒలిచి, ఐసులో సర్ది, బాపట్ల దగ్గరున్న ఒక ఎగుమతి కంపెనీకి పంపుతారు. ముప్ఫై మంది దాకా ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో ఎక్కువమంది భట్టిప్రోలు నుంచి షేర్ ఆటోల్లో వస్తారు.

రోజూ పని మొదలయ్యే ముందు జెస్సీ షెడ్డులో నిలబడి చిన్న ప్రార్థన చేసేది. వినాలనుకున్నవాళ్ళు వినేవారు, మిగతావాళ్ళు గ్లౌజులు తొడుక్కుంటూ ఉండేవారు. అది కాగానే ఆమె చెరువుల దగ్గరికో, బాపట్లకో వెళ్ళిపోయేది. ఇక షెడ్డంతా సూపర్‌వైజర్ ఏసుబాబుదే. అతనిదీ ఆమె చర్చి సంఘమే. ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేది అతనే. అతను చేరాక లారీ ఒక్కసారి కూడా ఆలస్యంగా బయల్దేరలేదు. "ఏసుబాబు ఉండబట్టి నాకు సగం బరువు తగ్గింది" అని జెస్సీ చర్చిలో పదిమంది ముందూ అనేది.

ఆగస్టులో ఒక సోమవారం భట్టిప్రోలు ఆటోలు రాలేదు. ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"ఏదో పండగ అయ్యుంటది మేడమ్. రేపు వచ్చేస్తారు" అన్నాడు ఏసుబాబు.

మర్నాడూ రాలేదు. జెస్సీ తనే భట్టిప్రోలు వెళ్ళి, షెడ్డులో అందరికంటే పాత మనిషి రత్తాలు ఇల్లు వెతుక్కుంది. రత్తాలు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లేచి కుర్చీ వేసింది గానీ మొహంలో నవ్వు లేదు.

"ఏంటి రత్తాలక్కా, ఒక్కళ్ళూ రావట్లేదేంటి?"

"సంధ్యారాణి సంగతి మీకు తెలీదామ్మా?"

సంధ్యారాణి కొత్తగా చేరిన పిల్ల. ఐదో నెల కడుపుతో ఉంది. శనివారం సరుకు ఎక్కువొచ్చింది. లారీ ఎక్కేదాకా ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేవకూడదని ఏసుబాబు బాత్రూముకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. సంధ్యారాణి అడిగింది. ఇంకాసేపాగి మళ్ళీ అడిగింది. "అందరికీ లేని అవసరం నీకొక్కదానికేంటి?" అన్నాడు. చివరికి ఆ పిల్ల నిలబడ్డచోటే చీర తడిసిపోయింది. ఐసు దించే మగవాళ్ళు నవ్వారు. ఏసుబాబు ఆమె వంక చూడకుండా, నేల కడగమని ఎవరికో చెప్పాడు.

"ఆ ఒక్క రోజేనా?" అని అడిగింది జెస్సీ.

"లారీ ఉన్న ప్రతి రోజూ అంతేనమ్మా. మీరు ప్రార్థన చేసి వెళ్తారు. మీ కారు మలుపు తిరగ్గానే తాళం పడిద్ది."

"మరి నాతో ఒక్కళ్ళయినా చెప్పలేదే!"

"ఆయన మీ చర్చి మనిషి. మేం చెబితే నమ్ముతారా?"

నమ్మేదో లేదో జెస్సీకే తెలియలేదు. అక్కణ్ణుంచి సంధ్యారాణి ఇంటికి వెళ్ళింది. పిల్ల పడుకుందని అత్తగారు గుమ్మంలోనే చెప్పింది. లోపల ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రేపల్లె తిరిగొచ్చి ఏసుబాబుని పిలిచింది. అతను కాదనలేదు.

"లారీ లేటైతే మీరు అడిగేది నన్నే కదా మేడమ్?"

ఆ మాట జెస్సీకి సూటిగా తగిలింది. నిజమే, ఆమె అడిగేది అదొక్కటే. ఇన్నాళ్ళలో ఇంకేమీ అడగలేదు. అనేశాక ఏసుబాబే భయపడ్డాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "తప్పైపోయింది మేడమ్, దేవుడి పేరు మీద క్షమించండి" అన్నాడు.

"క్షమించాను ఏసుబాబూ. కానీ ఇక మీద ఆడవాళ్ళ మీద పెత్తనం నీకుండదు. ఐసు, లారీ లోడింగు చూసుకో. జీతం తగ్గించను."

"అంటే క్షమించనట్టేగా" అన్నాడతను. తాళాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

జెస్సీ బాత్రూము తలుపుకి బయటున్న గొళ్ళెం ఊడపీకించి, భట్టిప్రోలుకి కబురు పంపింది. వాళ్ళు వచ్చిన రోజు ఆమె ప్రార్థన చేయలేదు. అందరి ముందూ నిలబడి, "తాళం వేసింది అతనే. లారీ కదిలితే చాలన్నది నేను. నన్ను క్షమించండి" అంది. వెనక ఒకామె కుళాయి తిప్పింది. పని మొదలైంది.

ఆ ఆదివారం డోలక్ లేకుండానే పాటలు పాడారు. ఆరాధన అయ్యాక పాస్టర్ సామ్యేలు గారు జెస్సీ ఇంటికి వచ్చారు.

"ఏసుబాబు అన్నం కూడా సరిగ్గా తినట్లేదటమ్మా. ఒప్పుకున్నాడు, ఏడ్చాడు. నువ్వూ క్షమించానన్నావు. మరి అతని ఉద్యోగం అతనికివ్వడానికి అభ్యంతరం ఏంటి?"

"నా దగ్గర ఏడ్చాడు అయ్యగారూ. నా నమ్మకం పాడుచేశాడు, దాన్ని నేను క్షమించాను. సంధ్యారాణికి చేసిందాన్ని క్షమించడానికి నేనెవర్నండి?"

పాస్టర్ గారు కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు.

"ఇంకోటండి. ఆ ముప్ఫై మందినీ మళ్ళీ అతని చేతికిస్తే నాకు మంచి పేరొస్తది. భరించాల్సింది వాళ్ళు. వాళ్ళని పణంగా పెట్టి నేను క్షమాగుణం చూపించుకోలేనండి."

"సంఘంలో కొందరు నీది కఠిన హృదయమంటున్నారు" అన్నారాయన నెమ్మదిగా.

"తెలుసండి." చర్చి స్త్రీల కూడికలో జెస్సీ పక్కన కూర్చునేవాళ్ళు ఆ వారం దూరంగా కూర్చున్నారు. అది ఆమెను అనుకున్నదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

పాస్టర్ గారు కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే ఏసుబాబుని తన మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుని భట్టిప్రోలు తీసుకెళ్ళారని తర్వాత రత్తాలు చెప్పింది. సంధ్యారాణి వాకిట్లోకి వచ్చి నిలబడిందట. ఏసుబాబు తలెత్తకుండా చెప్పాల్సింది చెప్పాడట. ఆమె, "విన్నానండి" అని లోపలికి వెళ్ళిపోయిందట.

దసరా ముందు ఏసుబాబు ఐసు పనికి వచ్చాడు. మొదట్లో ఆడవాళ్ళు అతన్ని పలకరించేవారు కాదు. ఐసు కావాలంటే టబ్బు మోగించేవారు. అతను మోసుకొచ్చి పోసి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి "బాబూ, ఇటు ఐసు" అనడం మొదలైంది. సూపర్‌వైజర్ పని రత్తాలుని చేయమంటే, "నాకెందుకమ్మా ఆ తిట్లు" అని చేతులు ఊపేసింది. చివరికి అమృతలూరు నుంచి వచ్చే దేవిక ఒప్పుకుంది. జెస్సీ కూడా పొద్దున్నే వెళ్ళిపోకుండా, గ్లౌజులు తొడుక్కుని బల్ల దగ్గర కాసేపు రొయ్యలు ఒలిచేది. చేతులు మొద్దుబారడమంటే ఏంటో ఆమెకి అప్పుడే తెలిసింది.

సంధ్యారాణి మాత్రం తిరిగి రాలేదు. కాన్పయ్యాక ఆమె కుటుంబం తెనాలి వెళ్ళింది. మరుసటేడాది వేసవిలో జెస్సీ తెనాలి వెళ్ళినప్పుడు, ఆమె పనిచేస్తున్న బట్టల కొట్టు కనుక్కుని వెళ్ళింది. సంధ్యారాణి గుర్తుపట్టి, "రండి మేడమ్" అని స్టూలు వేసింది. ఫోను చేతికిచ్చి తన పాప ఫొటో చూపించింది.

"నీకు వీలైతే మళ్ళీ రా అమ్మా. ఇప్పుడు అక్కడ అలా లేదు" అంది జెస్సీ.

"రత్తాలత్త చెప్పిందండి. మీరు బాగానే చూస్తున్నారంట." సంధ్యారాణి చీర మడత సరిచేస్తూ ఉంది. "నేను మాత్రం రానండి. ఆ వాసన తగిలితే చాలు, ఆ రోజే గుర్తొస్తది."

ఏదో ఒకటి చెప్పి ఒప్పించాలని జెస్సీ నోరు తెరిచింది. ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయింది.

"సరేనమ్మా" అంది.

ఇంతలో కొట్లోకి ఎవరో పెళ్ళి చీరలకని వచ్చారు. సంధ్యారాణి వాళ్ళకి కుర్చీలు జరిపి, పై అరలోని చీరలు దించడం మొదలుపెట్టింది. జెస్సీ పాప ఫొటో ఉన్న ఫోన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, బస్టాండు వైపు నడిచింది.