ఏడో ప్రశ్న

ఒకే బల్ల మీద రెండు జాబితాలు పెట్టేసి, పది అడుగులు పోయాక గుర్తొచ్చి చీటీలాయన వెనక్కి వచ్చాడు. ఐదో వరుసలో మళ్ళీ అదే పొరపాటు. సభ మొదలయ్యే ముందు ప్రతి సభ్యుడి బల్ల మీదా ఆ రోజు ప్రశ్నల జాబితా పెట్టడం ఇరవయ్యారేళ్ళుగా అతని పని. కళ్ళు మూసుకున్నా తప్పు పోని చేతులు ఈవేళ మాట వినడం లేదు.

అతని అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ చీటీలాయనే. ప్రశ్నల గంటలో సభ్యులు లేచి మంత్రుల్ని నిలదీస్తుంటారు. మంత్రికి తెలియని సంగతి అధికారుల గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు చిన్న కాగితం మీద రాసిస్తారు. దాన్ని మంత్రి చేతికి చేర్చాలి. అడుగుల చప్పుడు వినపడకూడదు, ఎవరికీ అడ్డు రాకూడదు, కాగితం విప్పి చూడకూడదు, నోరు తెరవకూడదు. అతను సన్నగా పొడుగ్గా, కాస్త ముందుకు వంగిన మనిషి. తెల్లకోటు మోచేతుల దగ్గర పలచబడింది. ఏళ్ళ తరబడి మునివేళ్ళ మీద నడిచి నడిచి బజారులో కూడా అలాగే నడుస్తాడు. ఎప్పుడు వెనకాల వచ్చి నిలబడతాడో తెలియక హడలి చస్తున్నాను, మెడలో ఓ గంట కట్టుకోండి అని పెళ్ళయిన కొత్తలో అతని భార్య మొత్తుకుంది.

ఆ భార్య ఇప్పుడు ఊరి అవతలి పెద్దాసుపత్రిలో, రక్తం శుద్ధిచేసే యంత్రం పక్కన పడుకుని ఉంది. కిడ్నీలు పాడై రెండేళ్ళయింది. వారానికి మూడుసార్లు, సారికి నాలుగ్గంటలు ఆ యంత్రం మీద ఉండాలి. యంత్రాలు ఆరు. అందులో నాలుగు పాడై మూడు నెలలు. విడిభాగాలు వచ్చి స్టోరులో పడున్నాయట, ఎవరిదో ఒక సంతకం కావాలట, నర్సు చెప్పింది. ఉన్న రెండింటి మీదే అందర్నీ సర్దుతున్నారు కాబట్టి నాలుగ్గంటలు కాస్తా రెండున్నరయ్యాయి. పొద్దున్న వంతు సాయంత్రానికి, సాయంత్రం వంతు మర్నాటికి జరుగుతున్నాయి.

ఈ తెల్లవారుజామున ఆమె కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి అందడం లేదు. మొదటి బస్సుకే తీసుకెళ్తే, మీ వంతు సాయంత్రం ఐదింటికి అన్నారు. గోడవారన బల్ల మీద కూర్చున్న కండక్టరు గారు ఆమె వంక ఒకసారి చూసి లేచారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఇదే జబ్బుతో రెండేళ్ళుగా వీళ్ళతోపాటే వస్తున్నారు. ఆమెను చెల్లెమ్మా అంటారు, ఆ లెక్కన ఇతను బావగారయ్యాడు.

“నా ఏడింటి వంతు చెల్లెమ్మకిచ్చెయ్యండి సిస్టర్. ఆవిడ వంతులో నేనెక్కుతాను,” అని నర్సుతో చెప్పి ఇతని భుజం తట్టారు. “మీరు డ్యూటీకి పదండి బావగారూ. ముప్పయ్యేళ్ళు బస్సులో నిలబడ్డవాణ్ణి, ఒక్క పూట కూర్చోలేనా?”

మర్యాదకైనా వద్దనాలి. అతను అనలేదు. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంకో నిమిషం అక్కడే ఉంటే కండక్టరు గారి మనసు ఎక్కడ మారుతుందోనని తల దించుకుని బస్సు కోసం పరుగెత్తాడు.

ఇప్పుడు చేతిలో ఉన్న జాబితాలో ఏడో ప్రశ్న ఆ యంత్రాల గురించే. పెద్దాసుపత్రిలో రక్తశుద్ధి యంత్రాలు ఎన్ని, అవన్నీ పనిచేస్తున్నవా, లేనిచో కారణములేమి? నిన్న సాయంత్రం జాబితా కట్టలు విప్పినప్పటినుంచి అతనికి నిద్ర లేదు. ప్రశ్నల గంట అంటే గంటే. గంటలో ఆరు ప్రశ్నలు దాటితే గొప్ప. మిగిలినవాటికి అచ్చేసిన జవాబు చదివినట్టే లెక్క, ఇక ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేదు. అచ్చేసిన జవాబు ఏమిటో కూడా అతనికి తెలుసు. ఆరు యంత్రాలూ చక్కగా పనిచేస్తున్నాయని ఉంది.

పదింటికి సభ మొదలైంది. వీధిదీపాల మీద ఒకటో ప్రశ్నే పద్దెనిమిది నిమిషాలు సాగదీశారు. ఒక సభ్యుడు తన వీధిలో దీపం గురించి అడగడానికి లేచి, తన తాతగారి కాలంలోని లాంతర్ల దాకా పోయాడు. చీటీలాయన గ్యాలరీ మెట్ల దగ్గర నిలబడి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ గోడగడియారం వంక చూస్తున్నాడు. అంతకుముందు ఎన్నడూ అతనికి ఈ సభ్యుల మీద కోపం రాలేదు. ఈవేళ ఒక్కొక్కరినీ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాలనిపించింది. రెండోది తాగునీళ్ళు. మూడో ప్రశ్న వేసిన సభ్యుడు పిలిచినప్పుడు సీట్లో లేడు, ఆ ప్రశ్న అంతటితో పోయింది. ఏ పుణ్యాత్ముడో అనుకున్నాడు. నాలుగోదానికి రెండు చీటీలు మోశాడు, ఐదోదానికి నాలుగు. ఆరోది బడుల పైకప్పుల గురించి. విద్యామంత్రి క్లుప్తంగా చెప్పే మనిషి కావడం అతని అదృష్టం.

“ఏడో ప్రశ్న,” అన్నారు సభాపతి. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

ఆరోగ్యమంత్రి లేచారు. మంచివారే, ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. ఒకటే అలవాటు. చీటీ చేతిలో పడగానే చదివేస్తారు. ముందు తాను చూసుకుని తర్వాత చెప్పడం ఆయన వల్ల కాదు. కిందటి సమావేశాల్లో ‘అల్లుడుగారు వచ్చారు, భోజనానికి త్వరగా రండి’ అని ఇంటినుంచి వచ్చిన చీటీని పోలియో టీకాల మీద సమాధానంగా గడగడా చదివేశారు. సభ ఐదు నిమిషాలు నవ్వింది, ఆయన కూడా నవ్వారు, అలవాటు మాత్రం మారలేదు.

మంత్రి అచ్చు జవాబు చదివి కూర్చున్నారు. ప్రశ్న వేసినావిడ లేచింది. రాజకీయాల్లోకి రాకముందు ఊళ్ళు తిరిగి కాన్పులు చేసిన నర్సమ్మ. పొట్టిగా గట్టిగా ఉంటుంది, మాట కూడా అంతే.

“కాగితం నేనూ చదువుకున్నానండి. ఈ పొద్దున్న ఎన్ని తిరుగుతున్నాయి? అంకె చెప్పండి, కూర్చుంటాను.”

మంత్రి మెడ తిప్పి గ్యాలరీ వంక చూశారు. ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన అధికారిణి ముప్పయ్యేళ్ళ అమ్మాయి, గబగబా కాగితం మీద ఒకటే మాట రాసి, మడవకుండానే చీటీలాయన చేతిలో పెట్టింది. చూడకుండా ఉండటం అతనికి కుదరలేదు. ‘ఆరు’ అని ఉంది. ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు. ఆసుపత్రి వాళ్ళు పంపిన నివేదికలో అలాగే ఉంది, ఆమె దాన్ని నమ్మింది.

గ్యాలరీ నుంచి మంత్రి దాకా ముప్పయ్యెనిమిది అడుగులు. మధ్యలో ఒక లావుపాటి స్తంభం ఉంది. దాని వెనక రెండడుగుల మేర అతను ఎవరికీ కనపడడు. ఇరవయ్యారేళ్ళలో ఎన్నడూ ఆగని చోట చీటీలాయన ఆగాడు. సభ్యులు అడిగితే ఇవ్వడానికి కోటు జేబులో ఖాళీ చీటీలూ పెన్సిలూ ఉంటాయి. ఉద్యోగం పోతుందని తెలుసు. ఈ అంకె మంత్రి నోట ఆరని వస్తే ఆ నాలుగు యంత్రాలూ ఇక ఎప్పటికీ బాగుపడవనీ తెలుసు, బాగున్నవాటిని ఎవరు బాగుచేస్తారు? ఒక చీటీ తీసి స్తంభానికానించి రాశాడు. అక్షరాలు కుదురుగానే పడ్డాయి.

మంత్రి చీటీ అందుకుని, ఎప్పటిలాగే, లేస్తూనే చదివారు.

“ఈ ఉదయం ఆరింటిలో రెండే పనిచేస్తున్నాయి. నాలుగు ఆగిపోయి మూడు నెలలయింది. విడిభాగాలు స్టోరులోనే ఉన్నాయి, సంతకం కాలేదు.”

చివరి మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. కానీ సభలో అన్న మాట అన్నట్టే రికార్డులోకి పోతుంది, వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. అంకె చెబితే కూర్చుంటానన్న నర్సమ్మ అన్నట్టే కూర్చుంది. ఆవిడ తప్ప ప్రతిపక్షం వైపు అందరూ లేచారు. బల్లలు మోగాయి. సభాపతి గంట ఎవరికీ వినపడలేదు. మంత్రి చీటీని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుని, చెమట తుడుచుకుని, ఈ మధ్యాహ్నంలోగా నాలుగూ తిరుగుతాయని, అది తన పూచీ అని సభకు మాటిచ్చారు.

గంట ముగిసింది. వరండాలో మంత్రిగారి కార్యదర్శి ఆ చీటీని అధికారిణి ముఖం ముందు ఊపుతున్నాడు. ఇది నా రాత కాదు అని ఆ అమ్మాయి చెబుతోంది. వినేవాడు లేడు. ఎవరు రాసి ఉంటారు, ఏ శాఖవాడు, ఏ పార్టీవాడు అని నలుగురు నాలుగు రకాలుగా అంటున్నారు. చీటీ మోసేవాడికి రాయడం కూడా వచ్చని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. తలుపు పక్కన నిలబడ్డ అతను అలాగే నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. అడుగుల చప్పుడు కూడా వినపడదు. వెళ్దామనే అనుకున్నాడు. ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకోవడం చూశాడు.

“అది నేను రాశానండి.”

అందరూ తిరిగి చూశారు. ఆ అమ్మాయే ముందు తేరుకుంది. “మీకెలా తెలుసు?”

“మా ఆవిడ అక్కడే ఉందండి.”

కాసేపటికి అటెండర్ల హెడ్డు అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళు. కోటు ఇచ్చి ఇంటికి పొమ్మన్నారని, విచారణ కాగితం తర్వాత వస్తుందని నేల వంక చూస్తూ చెప్పాడు. చీటీలాయన కోటు విప్పి, జేబులో ఖాళీ చీటీలు బయటికి తీసి లెక్క సరిపెట్టబోతే, హెడ్డు అతని చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. భయపడాల్సింది పోయి లోపల ఏదో ఉబలాటంగా ఉంది. భార్యకు ఉద్యోగం సంగతి నెమ్మదిగా చెప్పుకోవచ్చు. కండక్టరు గారికి మాత్రం ఇవాళే చెప్పాలి. అల్లుడి చీటీ కథకే ఆ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు, ఇది వింటే ఇంకేమైపోతాడో. స్తంభం దగ్గర మొదలుపెట్టాలా, మంత్రి లేవడం దగ్గర మొదలుపెట్టాలా? నర్సమ్మ కూర్చోవడం మాత్రం ఆఖర్న చెప్పాలి. పెదాలు కదుపుతూ రెండుసార్లు వల్లె వేసుకున్నాడు. పక్కన నిలబడ్డ ఆవిడ అనుమానంగా చూసి కాస్త అవతలికి జరిగింది.

ఆసుపత్రి చేరేసరికి రెండయింది. యంత్రాల గది ముందు పనిముట్ల పెట్టెలు తెరిచి ఉన్నాయి, ఇద్దరు మెకానిక్కులు నాలుగో యంత్రం వెనక పలక విప్పుతున్నారు. మూడోది అప్పుడే తిరుగుతోంది, దాని మంచం ఖాళీగా ఉంది. అతని భార్య గోడవారన బల్ల మీద, చేతికి దూది అంటించుకుని కూర్చుని ఉంది. పెదాలకు రంగు వచ్చింది. అతన్ని చూడగానే ఆమె ముఖం ముడుచుకుపోయింది.

“మూడో మిషను తిరగ్గానే మొదట అన్నయ్యగారినే పిలిచారండీ,” అంది. “మూడుసార్లు పిలిచారు. గోడకి తలానించి కూర్చున్నారు. నిద్రపోతున్నారనుకున్నాం.”

అతను నిలబడే ఉన్నాడు. వల్లె వేసుకున్నదంతా నోట్లోనే ఉండిపోయింది. నర్సు దగ్గరకొచ్చి, గుండె ఆగిపోయిందని, పన్నెండున్నర, ఒంటిగంట మధ్య అయి ఉంటుందని, ఇప్పుడే ఆయన కొడుకు వచ్చి లోపలికి వెళ్ళాడని మెల్లగా చెప్పింది.

“అది నా వంతు కాదండీ,” అంది భార్య. “నేనెక్కకుండా ఉండాల్సింది.”

“నువ్వేం చేశావు? వద్దనాల్సింది నేను,” అన్నాడు. “అనలేదు.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు వెచ్చగా ఉన్నాయి, రెండు నెలలుగా అంత వెచ్చగా లేవు. అందుకు అతనికి సంతోషం కలిగింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. ఆమెకూ తనకూ మధ్య బల్ల మీద ఖాళీ అలాగే ఉంచి, అవతలి చివర కూర్చున్నాడు.

ఆ ఖాళీలో కండక్టరు గారి నీళ్ళసీసా ఉంది. ఈ జబ్బులో నీళ్ళు కూడా కొలుచుకునే తాగాలి, అందుకని ఆయన అరలీటరు సీసా మీద పెన్నుతో అడ్డంగా గీతలు గీసుకుని, ఒక్కో గీత పక్కన ఏ వేళకు అక్కడిదాకా తాగవచ్చో రాసుకున్నారు. ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. సీసాలో నీళ్ళు పన్నెండు దగ్గరి గీతకు సరిగ్గా ఆనుకుని ఉన్నాయి.