ఇంకో డబ్బా కావాలా?

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: పాప ఏడిస్తే తనకు వినపడకపోవడం.

పాపకు అయిదో నెల. ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆమె కుట్టుమిషన్, పడగ్గదిలో ఊయల. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి కాళ్లు ఆపి చెవులు రిక్కించేది. స్నానానికి వెళ్తే చెంబుకీ చెంబుకీ మధ్య ఆగి వినేది. ఆ అవస్థ చూడలేక కిందింటి పెద్దమ్మ ఒక ఏర్పాటు చేసింది. పెద్దమ్మ ఒంటరి మనిషి. చెవికి మిషన్ పెట్టుకున్న దగ్గర్నుంచీ మెట్ల మీద ఎవరు ఏ చెప్పులతో దిగుతున్నారో కూడా చెప్పేస్తుంది. ఇద్దరి పడగ్గది కిటికీలూ ఒకదాని కింద ఒకటి. పాప లేస్తే పెద్దమ్మ తన ఇంట్లో నీళ్ల పైపు మీద గరిటెతో మూడు దెబ్బలు కొడుతుంది. పైన చప్పుడు ఎక్కువైతే ఒకటి. ఆ పైపే పై ఇంట్లోనూ ఖంగుమంటుంది. అప్పట్నుంచి ఆమె తలస్నానం కూడా నిదానంగా చేస్తోంది.

అలాంటి ఇంట్లోకి భర్త ఒక రికార్డ్ ప్లేయర్ మోసుకొచ్చాడు. వాళ్ల నాన్న వాడినది. దానికి తోడు ఎవరో వాడి అమ్మేసిన ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు. లిఫ్టులు బాగుచేసే మనిషి కనక తీగలు తగిలించడం ఆయనకు ఒక లెక్క కాదు. తీరా సూది పెడితే పాట పక్కవీధిలోంచి వచ్చినట్టు వచ్చింది. చప్పుడు పెంచే మీట చివరికంటా తిప్పినా అదే పీలగొంతు. ఆయనతో పనిచేసే ఒకాయన్ని అందరూ డబ్బా బాస్ అంటారు, ఏ ఇబ్బందికైనా ఇంకో డబ్బా కొనమంటాడు కనక. ఆయన వచ్చి చూసి, వేరుగా ఒక ప్రీయాంప్లిఫయర్ ఉంటేగానీ లాభం లేదని తేల్చేశాడు. అది పెడితే గోడలు అదిరిపోతాయట.

గోడలు అదిరితే పాప ఏడుపు వినపడేదెలా? పైపు దెబ్బలు వినపడేదెలా? వద్దందామంటే నోరు రాలేదు. ఎనిమిదితో చదువాగిన దానికి ఆంప్లిఫయర్ల గొడవెందుకని నవ్వుతారేమో. పైగా ఆయన ముఖం కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా వెలిగిపోతోంది.

మర్నాడు పాపను చంకనేసుకుని వీధిచివర రేడియో బాబాయి కొట్టుకు వెళ్లింది. ఎలాంటి పాడైన పెట్టెనైనా విప్పి పలికించే మనిషి. సంగతంతా చెప్పుకుని, చివరికి అసలు మాట బయటపెట్టింది.

"ఆయనొచ్చి అడిగితే అక్కర్లేదని చెప్పు బాబాయ్."

"చూడకుండా ఎలా చెప్పనమ్మా? రోగిని తీసుకురా ముందు."

ఆ రోగి ఆమె ఎత్తగలిగే బరువు కాదు. అందుకని ఇంటికొచ్చి, జాకెట్టుకు కొలత గీసినట్టు, ఆంప్లిఫయర్ వెనక భాగాన్ని కాగితం మీద గీసింది. ఏ రంధ్రం ఎక్కడుందో, ఏ తీగ ఎందులో దూరిందో, అన్నీ. తెలియని అక్షరాలను కుట్టుపువ్వులు దించినట్టు దించింది.

బాబాయి ఆ కాగితం చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. సూది పలికే పలుకు చీమ గొంతంత ఉంటుందనీ, దాన్ని ముందు కాస్త పెంచి సరిదిద్ది ఇస్తేనే ఆంప్లిఫయర్ పని మొదలవుతుందనీ, ఆ మొదటి పని చేసేదే ప్రీయాంప్ అనీ విడమరిచి చెప్పాడు. టీవీ లాంటివి గట్టి గొంతుతోనే వస్తాయి, వాటికి ఆ సాయం అక్కర్లేదు.

"మీ రికార్డులకు అది కావాలమ్మా. కానీ మీ పెట్టెలో అది లోపలే ఉంది. మీ ఆయన తీగలు టీవీకి పెట్టే చోట పెట్టాడు. అవి తీసి ఈ మూల జంట రంధ్రాల్లో పెట్టు. లేనివాళ్లు కొనుక్కోవాలిగానీ, ఉన్నవాళ్లకెందుకు? మీట కాస్త తిప్పితే చాలు, ఊయల పక్కన కూడా వినొచ్చు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి కరెంటు ఆపి తీగలు మార్చింది. అయితే ఆమె గీసింది వెనక వైపే. ముందువైపు మీట చివరికంటా తిప్పి ఉన్న సంగతి ఆ కాగితంలో లేదు, బాబాయికి తెలియదు, ఆమెకు గుర్తులేదు. కరెంటు వేసి సూది దించింది.

ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఒక్క గెంతులో మీట తగ్గించి, పడగ్గదిలోకి పరుగెత్తింది. పాప కళ్లు ఇంతేసి చేసుకుని చూసి, బోసినోటితో నవ్వింది. ఇక కిందనుంచి ఒక దెబ్బ ఖాయమని ఎదురుచూసింది.

పైపు మోగలేదు. అంత మోతకీ మోగలేదు. అసలు నాలుగు రోజులుగా మోగనేలేదని అప్పుడు తట్టింది. పెద్దమ్మ కొట్టేలోపే తను పాప దగ్గరికి చేరుతున్నానని ఇన్నాళ్లూ మురిసిపోతోంది. పాపను ఎత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా దిగింది.

తలుపు తడితే పలుకు లేదు. నెట్టి చూస్తే పెద్దమ్మ కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని తాపీగా బటానీలు ఒలుస్తోంది. భుజం మీద చెయ్యి పడగానే ఉలిక్కిపడి, నవ్వింది.

"పాట పెట్టావు కదూ? కుర్చీ కాళ్లలోంచి తెలిసింది. బాగుందే."

ఆమె పైపు వైపు చూపించి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది. పెద్దమ్మ బల్ల మీది చెవి మిషన్ వైపు దొంగచూపు చూసింది.

"రుమాల్లో చుట్టిపెట్టి, రుమాలుతో పాటే సబ్బునీళ్లలో నానేశానమ్మా, ఇక అది పలకలేదు. చెబితే ఇక పాప పని నాకు అప్పగించవేమోనని ఊరుకున్నా."

ఆమెకు ఒళ్లు మండింది. నాలుగు రోజులు పాపను ఎవరూ వినలేదా? ఆ మాట మనసులో అనుకున్నాక గానీ వెలగలేదు. విన్నది తనే. మిషన్ తొక్కుతున్నా, తలమీద నీళ్లు పోసుకుంటున్నా, పాప ఏడ్చిన ప్రతిసారీ విన్నది తనే. కోపం ఎటు పోయిందో పోయింది. పెద్దమ్మ పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు ఒలిచింది.

సాయంత్రం మీట పావువంతు తిప్పితే పాట గదినిండా పరుచుకుంది, పక్కగదిలో పాప ఊ కొట్టడమూ వినపడింది. భర్త ఆ కాగితాన్ని ఆంప్లిఫయర్ పైన గోడకు అంటించాడు. డబ్బా బాస్ మాత్రం, వేరే డబ్బా ఉంటే ఇంకా బాగుండేదని ఇప్పటికీ అంటాడు. కొత్త చెవి మిషన్ వచ్చేదాకా పెద్దమ్మ రోజూ పైకొచ్చి, స్పీకరుకు పాదాలు ఆనించి కూర్చుంటోంది.

మీ ఇంటి కిందో పక్కనో అలాంటి మనిషి ఉండే ఉంటారు. వాళ్లింట్లోంచి రోజూ వినపడే చప్పుడు నాలుగు రోజులుగా వినపడకపోతే, ఇది చదవడం అయ్యాక ఒక్కసారి వెళ్లి చూసి రండి. తలుపు తడితే పలక్కపోవచ్చు, నెట్టి చూడండి.